వసంత పుష్పశోభ: ఉద్యానమునందును, ఇంటి పెరటియందును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెయందు గ్రంథాలయము నిలిచియుండుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున వక్త పుస్తకములను గూర్చి మాటలాడునని మీరు తలంచియుందురు. నేను పూవులను గూర్చి మాటలాడ నెంచితిని. ఇది సభా సందర్భమునకు దూరమైన విషయమని ఎవ్వరును భావింపవలదు. ఒకరి పెట్టెలో దాగియున్న పుస్తకమును పదిమందికి అందించునది గ్రంథాలయము. ఒకరి కోటగోడల లోపల పూచిన పూవును పదిమంది కన్నులకు చూపునది ప్రజోద్యానము. ఈ రెండును ఒక తల్లి బిడ్డలే. ఒకటి మన యూర నున్నది. రెండవది లేదు. ఆ లోటును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

చైత్ర వైశాఖములు వసంత ఋతువని పంచాంగము చెప్పును. మెరక ప్రాంతములలో వసంతము కంటికి కనబడును. మన్యపు కొండలలో మోదుగ ఆకులన్నియు రాల్చి, నిప్పురవ్వల వంటి పూవులతో నిండును. మన కోనసీమ యందట్లు కాదు. వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న ఈ నేల యేడాది పొడవునను పచ్చగానే యుండును. కావున ఇచ్చట వసంతము కంటికంటె ముందు ముక్కునకు తెలియును. మాఘములో మామిడిపూత వగరు వాసన మొదలగును. ఫాల్గునము నాటికి మల్లె మొగ్గ తొడుగును. ఉగాది నాటికి వేపపూవు రాలి వాకిళ్ళయందు పరచుకొనును. ఆ వెనుక కానుగ, పొగడ పూచును. పొగడపూవు ఎండిపోయినను పరిమళమును విడువదు. అందుచేతనే మన పెద్దలు దానిని దండ గ్రుచ్చి పెట్టెలలో దాచుకొనెడివారు.

పూవును చూచి ఆనందించుట ఒక యెత్తు, తెలిసికొని ఆనందించుట మరియొక యెత్తు. మామిడి పూగుత్తిని దగ్గరగా పరికింపుడు. ఒక్క గుత్తియందు వేయికి పైగా పూవు లుండవచ్చును. వానిలో కొన్ని మగపూవులు, కొన్ని ఆడ మగ లక్షణములు రెండును గల పూవులు. ఇన్నిటిలో కాయగా నిలుచునవి ఒకటి రెండు మాత్రమే. ఆ ఒకటి రెండైనను నిలుచుటకు ఈగలు, చిన్న చిన్న పురుగులు పుప్పొడిని మోయవలయును. కావుననే పూత పూర్తిగా విచ్చియున్న దినములలో మందు చల్లరాదని వ్యవసాయశాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. తేనెమంచు పురుగును చంపుటకు చల్లిన మందు కాయను నిలబెట్టు పురుగును కూడ చంపును. మందు చల్లవలసినచో పూమొగ్గ కనబడుచున్నప్పుడో, పిందె కట్టిన పిమ్మటనో చల్లవలయును.

కొబ్బరిచెట్టును మనము కాయకొరకే చూతుము. దానికి వసంత మొక్కటే కాలము కాదు. మంచి చెట్టు ఏడాదికి పండ్రెండు మొదలు పదునాలుగు పూగెలలు వేయును. గెల తొడుగు పగిలినప్పుడు చూచినచో, రెమ్మల చివరలవైపు వేలకొలది చిన్న మగపూవులును, మొదళ్ళయొద్ద గుండీల వంటి ఆడపూవులును కనబడును. తేనెటీగలు దినమెల్ల ఆ గెలల చుట్టును తిరుగుచుండును. మన జీవనమున కాధారమైన పూవు మన నెత్తిమీదనే పూయుచున్నది, మన మెన్నడును తల యెత్తి చూడము!

ఇక ప్రజోద్యానముల సంగతి. బెంగుళూరులోని లాల్‌బాగును మనవారనేకులు చూచియుందురు. 1760లో హైదరాలీ దానిని తనకొరకు వేయ నారంభించెను. అతని కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశములనుండి మొక్కలు తెప్పించి నాటించెను. నేడది సర్వజనులది. 1889లో శంకుస్థాపన జరిగిన గాజుమందిరమునందు గణతంత్ర దినోత్సవ, స్వాతంత్ర్య దినోత్సవ సమయములలో పుష్పప్రదర్శనలు జరుగుచున్నవి. హైదరాబాదులో 1846లో వెలసిన తోటకు బాగే ఆం అని పేరు. ఆం అనగా మామిడి యని భ్రమపడరాదు. ఉరుదూ భాషలో నిచ్చట దాని యర్థము సర్వజనసామాన్యమని. పబ్లిక్ గార్డెన్సు అను పేరు దానికి సరియైన అనువాదమే.

ఢిల్లీలోని రాష్ట్రపతి భవనపు తోట కథ మరింత ముచ్చటైనది. బ్రిటిషు రాజప్రతినిధి కొరకు లుట్యెన్సు అను శిల్పి 1917 నాటికే దాని నమూనా సిద్ధపరచెను. 1928-29లో మొక్కలు నాటిరి. పదునైదు ఎకరముల ఆ తోటలో పాలకుడును, అతని అతిథులును మాత్రమే విహరించెడివారు. దేశము స్వతంత్రమైన పిమ్మట రాజగోపాలాచారిగారు ఆ ఆవరణములో కొంత నేల దున్నించి గోధుమలు పండించిరి. అది తిండిగింజలకు కరువైన కాలము. అటుపిమ్మట బాబూ రాజేంద్రప్రసాదుగారు రాష్ట్రపతియై తోట తలుపులను ప్రజలకు తెరపించిరి. 2023 జనవరిలో దానికి అమృత ఉద్యానమని పేరు పెట్టిరి. ఏటేట వసంతారంభమున సామాన్య ప్రజలు వరుసలు కట్టి పోయి గులాబీలను, తులిప్పులను చూచి వచ్చుచున్నారు. నమూనా గీసిన నాటికి పరపాలకునిదైన పూవు నేడు రిక్షా లాగువానిది కూడ నైనది. స్వరాజ్య మనగా నేమి యని ఎవరైన నడిగినచో, ఇదియును నొక సమాధానమే.

పరదేశములందును ఇట్టి వేడుకలు గలవు. జపాను దేశమున చెర్రీపూలు ఒకటి రెండు వారములు మాత్రమే నిలుచును. ఆ కొలది దినములలో ఇంటిల్లిపాదియు చెట్లక్రిందికి చేరి, చాపలు పరచుకొని, భుజించి, పూలను చూచి వత్తురు. దీనిని వారు హనామి యందురు. పూవులను చూచుట యనియే దాని యర్థము. 1912లో టోక్యో నగరము మూడువేల ఇరువది చెర్రీమొక్కలను అమెరికా రాజధానియగు వాషింగ్టనునకు కానుకగా పంపెను. నేడు ఆ దేశమున ఉద్యోగములు చేయుచున్న మన తెలుగుబిడ్డలును వసంతములో ఆ కొలనుగట్టున నిలిచి ఛాయాచిత్రములు తీసికొని మనకు పంపుచుందురు. హాలెండులో లిస్సె పట్టణమునొద్ద క్యోకెన్‌హోఫ్ అను తోట 1950లో ప్రజలకు తెరువబడెను. అచ్చట ఏటేట సుమారు డెబ్బదిలక్షల దుంపలు నాటుదురు. ఆ తోట తెరచియుండునది ఎనిమిది వారముల కాలమే! ఎనిమిది వారముల ఆనందమునకై ఏడాది పొడవున శ్రమించు జాతిని చూచి మనము నేర్వవలసినది కలదు.

అయితే తోట యున్నంతమాత్రమున చాలదు. తోటయందు మెలగు రీతి తెలియవలయును. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును ఘంటసాలవారి కంఠమున విననివారు ఈ సభలో నుండరు. కోయవచ్చిన వానితో పూవులు మొర పెట్టుకొనుట అందలి కథ. అది విని కన్నీరు పెట్టినవారమే మరునాడు బాటప్రక్క మందారపు కొమ్మను విరిచెదము. పూవును కోయనే కూడదని నే ననుట లేదు. పెరటిలోని మల్లెమొగ్గను కోయకున్నను రాత్రికి విచ్చి మరునాటికి వాడును. దానిని కోసి, మాల కట్టి, దేవునికో కూతురి జడకో అలంకరించుట ధర్మమే. కాని ప్రజోద్యానములోని పూవు నాది కాదు, మనది. గ్రంథాలయపు పుస్తకములో నచ్చిన పుటను చింపుకొని పోవు చందాదారుని మన మేమందుము? ఉద్యానములో పూవు కోయువాడును అట్టివాడే. వెనుక వచ్చు పాఠకుని పుటను ఒకడు, వెనుక వచ్చు బాటసారి పూవును ఒకడు అపహరించుచున్నాడు.

పూవు అందరిదని పలుకుట సులభము. మన సంఘమున నది అందరికిని దక్కినదా? ఈ ప్రశ్నను దాటిపోరాదు. భర్త పోయిన స్త్రీ తలలో పూవు పెట్టుకొనరాదను ఆచారము ఈ గోదావరి సీమయందు ఎన్ని జీవితములను ఎండగట్టినదో మీ రెరుగుదురు. పుట్టిననాటి నుండి ముడుచుకొన్న పూవును ఒక్క దినమున బలవంతముగా తీసివేయుట ఏ ధర్మము? రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించిరి. వారు తెచ్చియిచ్చినది మాంగల్యము మాత్రమే కాదు, ఒక దీనురాలికి మల్లెపూవుపై గల హక్కును కూడ తెచ్చియిచ్చిరి. నూటనలువది యేండ్లు దాటినవి. నేటికిని పేరంటములందు పూలపళ్ళెరము కొందరిని దాటిపోవుచున్నదన్న అది మనకు గౌరవము కాదు. అట్లే గుడితోటలోనికి, చెరువుగట్టునకు రానీయక ఊరిలో కొందరిని దూరముంచిన కాలమును మన పెద్దలు చూచిరి. గ్రంథాలయపు గడప దాటుటకు కులము అడుగుట లేదు. ఉద్యానమునకును అదే నియమము. పూవు ఎవ్వరిని చూచియు ముఖము త్రిప్పుకొనదు.

గ్రంథాలయోద్యమము కూడ వసంతమునందే కొత్త చిగురు తొడిగెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయముల వారందరు సమావేశమైరి. మన గోదావరిసీమ వారైన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ సభ కధ్యక్షత వహించిరి. నాడు నాటిన మొక్క శాఖలలో మన గ్రంథాలయ మొకటి.

ఇక ఇంటి సంగతి. ఉద్యానమునకు పోవుట ఏడాదికి ఒకనాటి పండుగ. పెరడు ప్రతిదిన పండుగ. ఈ విషయమున మనయంత భాగ్యవంతులు లేరు. గోదావరిపై ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటను 1847లో ఆరంభించి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట కాలువలకు జీవమిచ్చెను. ఆ కాలువనీరు, ఒండ్రుమట్టి కలిసిన చోటనే కడియము, కడియపులంక గ్రామములు మొక్కల పెంపకమునకు పుట్టినిండ్లయినవి. అచ్చటి అంట్లు దేశము నలుమూలలకు లారీలలో పోవుచున్నవి. కడియపులంక పూలబజారునుండి బుట్టలకొలది పూవులు తెల్లవారుజామున ఊళ్ళకు తరలుచున్నవి. రావులపాలెము మీదుగా ఒక పూట ప్రయాణము చేసి ఆ తోటలను చూచివచ్చుట మనకు ఢిల్లీయాత్రకు తీసిపోదు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేపను రాష్ట్రవృక్షముగాను, మల్లెను రాష్ట్రపుష్పముగాను ప్రకటించెను. రెండును వసంతమునకు చెందినవే. మల్లె పూయుట లేదని పలువురు గృహిణులు విచారింతురు. మల్లెకు విశ్రాంతి కావలయును. మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, పొదను మోకాలియెత్తున కత్తిరించి, ఎండు కొమ్మలను తీసివేయవలయును. పిదప పాదు త్రవ్వి, మాగిన పశువుల యెరువు వేసి, నీరు పెట్టినచో లేత చిగుళ్ళు వచ్చును. ఆ చిగుళ్ళ చివరలనే మొగ్గలు పుట్టును. నీడనున్న మల్లె ఆకులతో బలియును గాని పూయదు. తెల్లవారగనే ముదిరిన మొగ్గలను కోసి తడిగుడ్డలో నుంచినచో సాయంత్రమునకు విచ్చి ఇల్లంతయు పరిమళించును. నేల లేనివారు విచారింప నక్కరలేదు. అడుగున రంధ్రమున్న మట్టికుండీలో ఒండ్రుమట్టి, మాగిన యెరువు, మన యూర దొరకు కొబ్బరిపీచు పొట్టు కలిపి నింపి, ఎండ తగులు మెట్టుమీద నుంచినచో చాలును.

పూల పుట్టుపూర్వోత్తరములు కూడ పిల్లలకు చెప్పుడు. మనము బంతిపూవు లేనిదే పండుగ చేయము. ఆ బంతి మెక్సికో దేశమునుండి వచ్చినది. వేసవిలో ఎఱ్ఱగా పూయు తురాయి మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. కాగితపుపూల తీగ దక్షిణ అమెరికాది. దానియందు రంగురంగులుగా కనబడునవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పూవు ఆ మూడు ఆకుల నడుమ చిన్నదిగా తెల్లగా నుండును. బళ్ళయందు, కచేరీలయందు సన్నగా నిటారుగా పెరుగు చెట్టును మనము అశోకమందుము. అది నరమామిడి. నిజమైన అశోకము గుబురుగా పెరిగి వసంతమున నారింజవన్నె గుత్తులతో పూచును. పరదేశమునుండి వచ్చిన పూవును మన మాదరించి మనదిగా చేసికొంటిమి. అది మంచిదే. కాని ఇంటి అశోకమును మరచి, దాని పేరు మరియొక చెట్టునకు కట్టబెట్టుట తగునా?

సోదరులారా! మన నేల పైన పూవు పూయుచుండగా, క్రింద చమురును, వాయువును ఉన్నవి. 1995లో పాసర్లపూడియొద్ద నూతిలో లేచిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీన నగరములో వాయుగొట్టము పగిలి మండినప్పుడు ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటలు మాడిపోయినవి. తోటలు మరల చిగుర్చును, ఆ ప్రాణములు మరల రావు. అట్టి దుఃఖమును చూచిన సీమకు పచ్చదనము విలాసము కాదు, ఊరట. మరియు, నిప్పుతో పనిలేకుండనే మన పెరళ్ళు తరిగిపోవుచున్నవి. దడి పోయి గోడ వచ్చినది. గోడ లోపల సిమెంటు పరచిరి. కొన్ని చోట్ల తోట పోయి రొయ్యలచెరువు వచ్చినది. ఉప్పెక్కిన నేలలో మల్లె బ్రతుకదు. గుమ్మమునకు మామిడాకు మారుగా ప్లాస్టికు తోరణము వ్రేలాడుచున్నది. అది వాడదని సంతసింతుము. వాడనిది ఎన్నడును పూయలేదు గదా!

కనుక ఈ రజతోత్సవ సమయమున ఒక విన్నపము. మన గ్రంథాలయపు ఆవరణములో ఇరువదియైదు సంవత్సరములకు గుర్తుగా ఇరువదియైదు మొక్కలు నాటుదము. నిజమైన అశోకము, పొగడ, రేల, కానుగ, వేప మొదలగు చెట్లు కొన్ని. పందిరికి మాధవీలత, సన్నజాజి. అంచులకు మల్లె, నందివర్ధనము, మందార, కనకాంబరము. పెద్ద చెట్లు గోడకు దూరముగాను, పూలపొదలు ఎండ తగులు వైపునను ఉండవలయును. ప్రతి మొక్కకు తెలుగున పేరు, పుట్టిన దేశము, పూయు మాసము వ్రాసిన పలక కట్టవలయును. అది ఆ మొక్కకు గ్రంథసూచిక వంటిది. చదువురాని వృద్ధులు ఆ మొక్కల గుణములను చెప్పగా, చదువుకొన్న బాలురు ఒక పుస్తకమున వ్రాయవలయును. ఆ విధముగా తోటనుండి గ్రంథాలయమునకు నొక గ్రంథము లభించును.

నాటుట ఒకదినపు ఉత్సాహము. బ్రతికించుట మూడు వేసవుల శ్రమ. అందుచేత పుస్తకముల పద్దువలెనే మొక్కలకును ఒక పద్దు ఉంచుదము. ఒక్కొక్క చందాదారుని కుటుంబము ఒక్కొక్క మొక్కను పేరు వ్రాయించి తీసికొని, వేసవిలో దినము విడిచి దినము నీరు పోయవలయును. ఎండినచో అదే కుటుంబము మరియొక మొక్క తేవలయును. మన భాషలో ఎరువు అను మాటకు రెండర్థములు గలవు. అడిగి తెచ్చుకొన్నదియు ఎరువే, మొక్క మొదట వేయునదియు ఎరువే. ఇరువదియైదు సంవత్సరములుగా గ్రంథాలయము మనకు పుస్తకములు ఎరువిచ్చినది. ఇప్పుడు మనము దాని ముంగిట మొక్కలకు ఎరువు వేయుట ఋణము తీర్చుకొనుటయే.

అచ్చట రెండు బల్లలు వేయుదము. పొలమునుండి వచ్చిన కూలివాడు, బడినుండి వచ్చిన బాలిక, ఇంటిపనిలో అలసిన తల్లి, ఒంటరియైన వృద్ధురాలు, ఎవ్వరైనను కూర్చుండి పత్రిక చదువుకొనవచ్చును. చదువురానివారు పూవులను చూడవచ్చును. సాయంకాలము రాలిన పొగడపూలను ఏరుకొనుటకు అందరికిని హక్కు, కొమ్మను విరుచుటకు ఎవ్వరికిని హక్కు లేదు. ఈ ఒక్క నియమము పలకపై వ్రాసిన చాలును.

పొగడచెట్టు నిండుగా ఎదుగుటకు ఏండ్లు పట్టును. నేడు దానిని నాటువారిలో కొందరము దాని నీడను చూడకపోవచ్చును. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు తొలి పుస్తకమును తెచ్చినవారును, దానిని చదువబోవు పిల్లల నందరిని చూచి తేలేదు. గ్రంథాలయ స్వర్ణోత్సవము నాటికి ఆ చెట్లక్రింద కూర్చుండువారు మన పేర్లను ఎరుగకపోయినను, పూవుల పేర్లను ఎరుగుదురు గాక!